బొంత కుట్టు – ఐదవ పాఠం: అలలు తేలిన గడులను చదును చేయడం

సగంలో ఆగిపోయిన తొమ్మిది ముక్కల గడులను (తొమ్మిది చిన్న ముక్కలు కలిపి కుట్టిన చదరాలను) ఏటవాలుగా కోసి, మధ్యలో పట్టీ వేసి మళ్లీ కలపమని నాలుగవ పాఠంలో చెప్పాను. వాటిని నేలపై పరచి అమర్చడం ఈ పాఠంలో నేర్పవలసి ఉంది. అయితే చాలామందికి గడుల అంచులు అప్పడంలా అలలు తేలాయి, కొందరికి కోసిన చోట పాత కుట్లు ఊడిపోయాయి. వాటిని అలాగే కలిపితే బొంత నడుమ ఉబ్బి మూలలు వేలాడతాయి కనుక, అమరికను వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను.

ఊడిన కుట్ల సంగతి చిన్నదే. పాత గడిని కోసినప్పుడు తెగిన దారం కొసలకు ముడి ఉండదు. కోసిన వెంటనే ఆ అంచు వెంబడి, పావు ఇంచి లోపే, మిషన్‌పై 2 మిల్లీమీటర్ల కుట్టు వేయండి. చేతి కుట్టు అయితే తెగిన చోట రెండు తిరుగు కుట్లు చాలు.

అలలకు కారణం వేరు. నారాయణపేట నూలు చీర ముక్కను చేతిలోకి తీసుకుని గళ్ల గీత వెంబడి లాగితే దాదాపు సాగదు, గడి మూల నుంచి మూలకు లాగితే సాగుతుంది. పడుగు (నిలువు), పేక (అడ్డం) పోగుల వెంట బట్ట నిలకడగా ఉంటుంది, ఐమూలగా, అంటే మూల నుంచి మూలకు, ఉండదు. మీరు ఏటవాలుగా కోసినప్పుడు నిలకడైన అంచు ఐమూల అంచుగా మారింది. దాని పక్కన వేసే పట్టీని మాత్రం పడుగు వెంబడి నిటారుగా కోయాలి. అప్పుడు అది సాగే అంచును పట్టి ఉంచుతుంది. కుట్టేటప్పుడు ఐమూల ముక్క కింద, పట్టీ పైన ఉండాలి. కిందనున్న ముక్కను, సూది కింద బట్టను ముందుకు జరిపే మిషన్ పళ్లు తామే సర్దుకుని నడిపిస్తాయి. పట్టీకి నేను పోచంపల్లి ఇక్కత్‌నే ఎంచుకుంటాను, ఎందుకంటే నేయకముందే పోగుకు రంగు వేయడం వల్ల దానికి రెండు వైపులూ ఒకటే, ఏ వైపు పైకి వచ్చినా ఇబ్బంది లేదు.

ఇక ఇస్త్రీ. ఎన్నిసార్లు చెప్పినా, చొక్కా మీద తోసినట్టు గడి మీద పెట్టెను తోస్తూనే ఉన్నారు. కుట్టిన గడిని తోయకూడదు. పెట్టెను దించి, నొక్కి, పైకెత్తి, పక్కన మళ్లీ దించాలి. తోసిన ప్రతిసారీ వేడి, తేమ, బరువు మూడూ కలిసి ఐమూల పోగులను సాగదీస్తాయి, చల్లారాక ఆ సాగుడే నిలిచిపోతుంది. ముందు తిరగేసి కుట్టుపై నొక్కి, మార్జిన్‌ను (కుట్టు బయట మిగిలిన బట్టను) ఒక పక్కకు మళ్లించి, ఆ తర్వాతే పైవైపు నొక్కండి. ఆవిరి వాడితే, బట్ట పూర్తిగా చల్లారే వరకు కదపకండి. గద్వాల చీర ముక్కలుంటే మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే ఒడలు నూలు, అంచు పట్టు కావడంతో నూలుకు తగిన వేడి పట్టుకు ఎక్కువవుతుంది. అంచుపై పలుచని నూలు గుడ్డ వేసి నొక్కాలి. పాలిస్టర్ కలిసిన ముక్కలను నేను బొంతలో చేర్చనే చేర్చను.

ఇప్పటికే సాగిన గడిని తడి చేసి, షాబాద్ బండల నేలపై బండల సందుకు ఒక అంచును ఆనించి పరచి, మిగతా అంచులను వేళ్లతో లోపలికి సర్ది, ఆరనివ్వండి. ఆ తర్వాత పలుచని బియ్యపు గంజి పట్టించి ఆరబెట్టి, నొక్కి, చదరంగా కోయండి. ఇకపై కోయబోయే గడులకు గంజి ముందే పెట్టడం మేలు. బొంత పూర్తయ్యాక ఉతికి గంజిని తప్పక వదిలించాలి, లేకపోతే పురుగు చేరుతుంది.

అమెరికాలో అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్ ఊరి ఆడవాళ్ల బొంతలను 2002లో హ్యూస్టన్ లలితకళల మ్యూజియంలో ప్రదర్శించారు కదా, వాటి గీతలు వంకరగానే ఉన్నాయి కదా అని కొందరు అడిగారు. వంకర గీత కుట్టేవారి ఎంపిక, సాగిన అంచు కాదు. వంకరను ఎంత కావాలంటే అంత వేసుకోండి.

కొలత గురించి ఒక్క మాట: కోతకు రెండు పక్కలా కలిపి అర ఇంచి కుట్టులోకి పోతుంది, ఇంచి వెడల్పు పట్టీ కుట్టాక అర ఇంచి మిగులుతుంది, అంటే గడి వెడల్పు మారదు.

అభ్యాసం: పన్నెండున్నర ఇంచుల గడులు మూడు తీసుకుని, ఒక్కొక్కదాన్ని వేర్వేరు వాలుల్లో రెండుసార్లు కోసి, పట్టీలు వేసి, చివరకు పదకొండున్నర ఇంచుల చదరంగా కత్తిరించండి. బండపై పరిచినప్పుడు ఏ అంచూ లేవకూడదు, మూల నుంచి మూలకు కొలతలు రెండూ సమానంగా రావాలి. రాకపోతే కుట్టు విప్పి మళ్లీ కుట్టండి. మూడూ చదునుగా వచ్చాకే ఆరవ పాఠానికి రండి.