పై అధికారి తప్పు చేయమన్నప్పుడు: దానియేలు నడిచిన దారి

గాజువాక, ఆటోనగర్ వైపు పనిచేసే విశ్వాసులకు ఎదురయ్యే చిక్కు ఒకటుంది. చేయని తనిఖీ చేసినట్టు రిజిస్టరులో సంతకం పెట్టమంటారు.

ముందు ఇది దేవుని ఆజ్ఞకు సంబంధించినదా, మన సౌకర్యానిదా తేల్చుకోండి. బబులోనుకు చెరగా వెళ్లిన యూదుడు దానియేలు అక్కడి కల్దీయుల చదువును కాదనలేదు, తనను అపవిత్రం చేసే రాజు భోజనం దగ్గరే ఆగాడు (దానియేలు 1:8). ప్రతిదానికీ అడ్డుపడేవాడి మాట అసలైన చోట ఎవరూ వినరు.

తర్వాత వినయంగా అడగండి. దానియేలును చూసుకునే రాజు అధికారి, అంటే నపుంసకుల అధిపతికి, ఆ యువకులు చిక్కిపోతే తన తల పోతుందని భయం. అందుకే దానియేలు తమపై ఉంచిన నియామకుణ్ణి 10 దినాల గడువు, శాకధాన్యాలు, నీళ్లు అని కొలతతో సహా అడిగాడు. మీరూ "సార్, ఒక్క గంట ఇవ్వండి, తనిఖీ చేసే సంతకం పెడతాను" అనండి. ఎదుటివారి భయాన్ని పట్టించుకోని విన్నపం నిలవదు.

కాదంటే కారణం రాసిచ్చి కాపీ ఉంచుకోండి. చట్టాన్ని వాడుకోవడం అవిశ్వాసం కాదు, పౌలు కొరడా దెబ్బలకు ముందే రోమా పౌరసత్వం గుర్తుచేశాడు (అపొస్తలుల కార్యములు 22:25).

చాలామంది తడబడేది ఇక్కడే: దేవుడు ఉద్యోగాన్ని తప్పక కాపాడతాడని లెక్కవేసుకుని నిలబడతారు. దానియేలు స్నేహితులు షద్రకు, మేషాకు, అబేద్నెగో మాత్రం, ఆయన రక్షించకపోయినా రాజు నిలబెట్టిన ప్రతిమకు మొక్కం అన్నారు (దానియేలు 3:18). కాబట్టి రెండు మూడు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టండి, ఇంట్లోవాళ్లతో ముందే మాట్లాడండి. రాజుకు తప్ప ఎవరికీ ప్రార్థించకూడదన్న శాసనం రాకముందు నుంచే దానియేలు రోజుకు ముమ్మారు మోకరించేవాడు (6:10). మీ షిఫ్టును బట్టి ప్రార్థన వేళలు ఇప్పుడే పెట్టుకోండి.