ఫారిన్ వెళ్లే కాగితానికి ఎవరి సీలు? నోటరీ, ఓత్ కమిషనర్ తేడా ఒక గుమస్తా మాటల్లో

లాయర్ గారి దగ్గర గుమస్తాగా చేరి పద్దెనిమిదేళ్లయింది. అందులో చివరి పదకొండేళ్లుగా మా సార్ నోటరీ కూడా. ఆ రిజిస్టర్ రాసేది నేనే. "ఏదో ఒక సీలు పడితే చాలు కదమ్మా, ఎవరిదైతే ఏంటి?" అని రోజుకొకరైనా అంటారు. కోర్టులో వేసే అఫిడవిట్ అయితే ఆ మాట చెల్లుతుంది. విదేశానికి పంపే కాగితానికి చెల్లదు. ఇది నేను చట్టం చదివి తెలుసుకోలేదు, సొంత తమ్ముడి పని చెడగొట్టి తెలుసుకున్నాను.

వాడి పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం, పాస్‌పోర్ట్‌లో పూర్తి పేరు. రెండు పేర్లూ ఒకే మనిషివని అఫిడవిట్ కావాలి, దాని మీద అపోస్టిల్, అంటే విదేశంలో చెల్లడానికి మన విదేశాంగ శాఖ అంటించే ధ్రువీకరణ స్టిక్కర్, ఉండాలి. ఆ రోజు మా సార్ వేరే కేసు మీద వెళ్లారు. పక్క టేబుల్ దగ్గర ఓత్ కమిషనర్ ఉన్నారు. కోర్టు అఫిడవిట్లు వందల కొద్దీ ఆయన దగ్గరే చేయించినదాన్ని, ఇదీ చేయించేశాను. రాష్ట్ర స్థాయి అటెస్టేషన్ దగ్గర వెనక్కి ఇచ్చేశారు. నోటరీ సంతకం ఏదీ అని అడిగారట. వాళ్ల తప్పేం లేదు. మళ్లీ స్టాంప్ పేపర్, మళ్లీ టైపింగ్, ఆలోగా తమ్ముడి టెన్షన్, నాకు అమ్మ నుంచి ఫోన్లు.

అసలు ఇద్దరి పని ఎక్కడ వేరవుతుందో చూద్దాం. ఓత్ కమిషనర్‌కు అధికారం వచ్చేది సివిల్ ప్రొసీజర్ కోడ్ 139వ సెక్షన్ నుంచి. హైకోర్టు నియమిస్తుంది. అఫిడవిట్ ఇచ్చే మనిషి చేత ప్రమాణం చేయించి, "నా ఎదుట ప్రమాణం చేసి సంతకం పెట్టారు" అని రాసి సీలు వేయడం, అఫిడవిట్‌తో జతచేసిన కాగితాలకు గుర్తు వేయడం, ఆయన పని అంతే. మా దగ్గర ఎక్కువగా జూనియర్ అడ్వకేట్లే ఈ పనిలో ఉంటారు. ఆయన సీలును చూసి నమ్మాల్సింది కోర్టు. కోర్టు గేటు దాటాక ఆ సీలుకు అడ్రస్ లేనట్టే.

నోటరీకి మాత్రం సొంత చట్టమే ఉంది: 1952 నాటి నోటరీల చట్టం. నియమించేది కేంద్ర ప్రభుత్వమో రాష్ట్ర ప్రభుత్వమో. మామూలుగా పదేళ్లు ప్రాక్టీస్ చేసిన లాయర్ అయి ఉండాలి, మహిళలకూ కొన్ని వర్గాలకూ ఏడేళ్లు చాలు. ఆ చట్టం 8వ సెక్షన్‌లో నోటరీ చేయగల పనుల జాబితా ఉంటుంది. ప్రమాణం చేయించడం అందులో ఒకటి మాత్రమే. పత్రం మీద సంతకం ఎవరు చేశారో ధ్రువీకరించడం, అనువాదం చేయడం, ఇతరులు చేసిన అనువాదాన్ని సరిచూడడం కూడా ఉన్నాయి. ఒరిజినల్‌తో పోల్చి ట్రూ కాపీ అని సీలు వేయడం నోటరీల రోజువారీ పని. అంటే ఓత్ కమిషనర్ చేసే పనిని నోటరీ చేయగలరు, నోటరీ పనిని ఓత్ కమిషనర్ చేయలేరు. తేడా మొత్తం ఇక్కడే ఉంది. నోటరీ సీలును రుజువు అడగకుండానే గుర్తించాలని మన సాక్ష్య చట్టం కోర్టులకే చెప్తుంది.

ఇక విదేశాల సంగతి. అపోస్టిల్ అనే మాట విని భయపడేవాళ్లకు నేను ఇలా చెప్తాను: అది నిచ్చెన. పై మెట్టు మీదున్నవాళ్లు కింది మెట్టు సంతకం అసలుదా కాదా అన్నది మాత్రమే చూస్తారు. మీ సంతకాన్ని నోటరీ చూస్తారు. నోటరీ సంతకాన్ని రాష్ట్ర ప్రభుత్వం అధికారమిచ్చిన అధికారి చూస్తారు. ఆ అధికారి సంతకాన్ని విదేశాంగ శాఖ చూసి, కాగితం వెనక స్టిక్కర్ అంటిస్తుంది. ఓత్ కమిషనర్ ఈ నిచ్చెన మీద ఎక్కడా లేరు. అందుకే మా తమ్ముడి కాగితం మొదటి మెట్టు దగ్గరే జారిపోయింది.

ఆ స్టిక్కర్‌ను ఒకసారి పరీక్షగా చూడండి. పైన శీర్షిక ఫ్రెంచి భాషలో, 1961 అక్టోబర్ 5 నాటి హేగ్ ఒప్పందం పేరుతో ఉంటుంది. కింద పది నంబర్లు: దేశం, సంతకం ఎవరిది, ఏ హోదాలో, ఏ సీలు, ఎక్కడ, ఎప్పుడు, ఇలా. సంతకం ఎవరిది అన్న చోట మా సార్ పేరు వెతికితే సాధారణంగా కనిపించదు, రాష్ట్ర అధికారి హోదా ఉంటుంది. ఎందుకంటే విదేశాంగ శాఖ చూసింది ఆయన సంతకాన్నే. లోపల రాసింది నిజమని స్టిక్కర్ ఎక్కడా చెప్పదు. అఫిడవిట్‌లో అబద్ధం రాస్తే దాని బాధ్యత రాసినవాళ్లదే. ఒక దేశపు అపోస్టిల్‌ను ఇంకో దేశం ఒప్పుకునేందుకు చేసుకున్న ఈ ఒప్పందం మన దేశంలో 2005 జులై 14 నుంచి అమల్లో ఉంది. విదేశాంగ శాఖ కాగితాలను మన చేతి నుంచి నేరుగా తీసుకోదు, తాను పెట్టుకున్న ఏజెన్సీల ద్వారానే తీసుకుంటుంది. ప్రభుత్వ ఫీజు కాగితానికి 50 రూపాయలు, ఏజెన్సీ ఛార్జీలు వేరు. మధ్యలో ఎవరైనా వేలల్లో అడిగితే ఏ మెట్టుకు ఎంత అని విడదీసి రాసివ్వమనండి.

ఇంతకీ మీ కాగితం ఏ రకమో ముందు తేల్చుకోండి. డిగ్రీ సర్టిఫికెట్, బర్త్ సర్టిఫికెట్ లాంటివి ఇప్పటికే అధికారులు సంతకం చేసినవి. వాటి ఒరిజినల్ మీద అపోస్టిల్ కావాలంటే రాష్ట్రంలో చదువుల కాగితాలకో దారి, పుట్టుక, పెళ్లి కాగితాలకో దారి ఉంటాయి. నోటరీ కావాలో వద్దో అక్కడే కనుక్కోండి. తొందరపడి ఒరిజినల్ డిగ్రీ ముఖం మీద సీలు కొట్టించుకుని వచ్చినవాళ్లను చూశాను. ఆ సీలు ఇక పోదు. జిరాక్స్ పంపాలంటే ట్రూ కాపీ, కాబట్టి నోటరీ. మీరే రాసుకున్న కాగితాలకు, అంటే అఫిడవిట్, పవర్ ఆఫ్ అటార్నీ, పిల్లల ప్రయాణానికి తల్లిదండ్రుల సమ్మతి పత్రం లాంటివాటికి, నోటరీ తప్పదు. తెలుగు కాగితానికి ఇంగ్లిష్ అనువాదం పంపుతుంటే దానికీ అంతే.

నోటరీ టేబుల్ దగ్గర నేను అడిగే మొదటి ప్రశ్న "సంతకం పెట్టేశారా?" అని. పెట్టేసి తెస్తే మళ్లీ ప్రింట్ తీయిస్తాను. నోటరీ ఎదుటే పెట్టాలి, అసలు గుర్తింపు కార్డు తేవాలి. నాన్న గారికి నడవడం కష్టం, కాగితం ఇవ్వండి ఇంటి దగ్గర సంతకం పెట్టించి తెస్తాం అంటారు. జాలేస్తుంది, కానీ కుదరదు. సీలు పడ్డాక మూడు చూసుకోండి. గుండ్రటి సీలులో నోటరీ పేరు, ఆయన పరిధి, నియమించిన ప్రభుత్వం పేరు స్పష్టంగా చదవగలగాలి. సిరా అలుక్కుపోతే అప్పుడే ఇంకోటి వేయమనండి, మొహమాటపడకండి. నోటరీగా పని చేయడానికి ఇచ్చే సర్టిఫికెట్‌కు ఐదేళ్ల గడువుంటుంది, అది దాటిపోలేదు కదా అని అడగండి. కాగితం మీద రిజిస్టర్ క్రమసంఖ్య రాశారో లేదో చూడండి. ఆ నంబర్ ఉన్న వరుసలో మీ సంతకం కూడా నేను తీసుకుంటాను. రేపు ఎవరైనా అడిగితే చూపించగలిగేది ఆ వరుసే.

అన్ని దేశాలకూ అపోస్టిల్ సరిపోదు. యూఏఈ, కువైట్, ఖతార్ ఈ ఒప్పందంలో లేవు. అక్కడికైతే విదేశాంగ శాఖ అటెస్టేషన్ అయ్యాక ఆ దేశపు ఎంబసీ దగ్గర ఇంకో మెట్టు ఎక్కాలి. సౌదీ 2022 డిసెంబర్‌లో, చైనా 2023 నవంబర్‌లో, కెనడా 2024 జనవరిలో ఒప్పందంలోకి వచ్చాయి, కాబట్టి పాత అనుభవంతో బంధువులు చెప్పే సలహాలు పనికిరాకపోవచ్చు. జర్మనీది వేరే కథ. ఒప్పందంలో ఉంది కానీ మన దేశం చేరికకు అభ్యంతరం చెప్పింది, అందుకని మన అపోస్టిల్ అక్కడ లెక్కలోకి రాదు. వాళ్ల కాన్సులేట్ ఏం అడుగుతుందో అదే చేయాలి. ఏ దేశమైనా సరే, కాగితం అడిగినవాళ్లను "నోటరీ చాలా, అపోస్టిల్ కూడా కావాలా" అని మెయిల్‌లో అడిగి, జవాబు ప్రింట్ తీసుకుని రండి. కొందరికి నోటరీ ఒక్కటే చాలు, నిచ్చెన మొత్తం ఎక్కి డబ్బులు పోసుకోనక్కర్లేదు.

అటు నుంచి ఇటు వచ్చే కాగితాలు కూడా మా టేబుల్ మీదికి వస్తుంటాయి. ఇంగ్లండ్‌లో ఉన్న అబ్బాయి ఇక్కడి స్థలం అమ్మడానికి తండ్రికి పవర్ ఆఫ్ అటార్నీ పంపుతాడు. అక్కడ మామూలు సాలిసిటర్లకు, అంటే లాయర్లకు, కూడా ప్రమాణం చేయించే అధికారం ఉంటుంది, అది చవక. ఆ ముద్రతో పంపేస్తారు. ఇక్కడ రిజిస్ట్రేషన్ దగ్గర ఆగిపోతుంది. మన ఎంబసీ లేదా కాన్సులేట్ అధికారి ఎదుట సంతకం చేయడం ఒక దారి. అక్కడి నోటరీ పబ్లిక్ ఎదుట చేసి ఆ దేశపు అపోస్టిల్ వేయించడం ఇంకో దారి. ఆ కాగితం మన దేశానికి చేరాక మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంప్ డ్యూటీ కట్టించాలి. ఆ లెక్క మొదలయ్యేది సంతకం పెట్టిన రోజు నుంచి కాదు, ఇక్కడ అందిన రోజు నుంచి. అందుకని కొరియర్ కవర్ చింపి పారేయకండి, తేదీ కనిపించేలా కాగితంతో పాటు పిన్ చేసి తీసుకురండి.