రోమియో జూలియట్‌లో తల్లిదండ్రుల పాత్రలపై వ్యాసం ఎలా రాయాలి?

నాటకం ప్రతి, పెన్సిలు, నాలుగు తెల్లకాగితాలు ఉంటే చాలు. సినిమా చూసి మాత్రం రాయకండి. నాటకం మొత్తం చదువుతూ, తల్లిదండ్రులు మాట్లాడే ప్రతిచోటా అంచున ఒక గీత పెట్టుకోండి.

రోమియో తల్లిదండ్రులైన మాంటేగ్ దంపతులకు ఒక్క పేరా చాలు. రోమియో తల్లి మొదటి రంగంలో రెండు ముక్కలు మాట్లాడుతుంది. కొడుకు దేశబహిష్కారం మీద బెంగతో ఆవిడ చనిపోయిందని ఆఖరి రంగంలో భర్త చెబుతాడు. ఆ తండ్రికి కొడుకు దిగులెందుకో తెలియదు, మేనల్లుడు బెన్వోలియో అడిగితే తెలియదనే చెబుతాడు. ఇక్కడ ఆగకుండా ముందుకు వెళ్లండి.

ఇక జూలియట్ తండ్రి కాపులెట్. నేను చూసిన వ్యాసాల్లో చాలావరకు ఇక్కడే పాడయ్యాయి. "కాపులెట్ క్రూరుడైన తండ్రి" అని మొదలుపెట్టి, మూడో అంకం ఐదో రంగంలోని తిట్లన్నీ ఎత్తిరాసి ముగిస్తారు. దయచేసి అలా చేయకండి. ముందు మొదటి అంకం రెండో రంగం తెరవండి. కూతురికి ఇంకా పద్నాలుగేళ్లు నిండలేదు, రెండు వేసవులు ఆగమని, ఆమెను పెళ్లాడతానని వచ్చిన పారిస్‌తో అంటున్నది ఈ తండ్రే. ముందు ఆమె మనసు గెలుచుకో, నా ఇష్టం ఆమె ఒప్పుకోలులో ఒక భాగం మాత్రమే అంటాడు. తన మిగతా ఆశలన్నీ మట్టిలో కలిశాయనీ, ఇక ఈ పిల్లే మిగిలిందనీ కూడా చెబుతాడు. ఇది ఆదివారం. మంగళవారం తెల్లవారేసరికి అదే నోటితో, పెళ్లికి ఒప్పుకోకపోతే వీధుల్లో అడుక్కుని చావమంటాడు.

ఈ రెండింటి మధ్య ఏం జరిగిందో రాయడమే మీ వ్యాసం. అది మూడో అంకం నాలుగో రంగంలో ఉంది. చిన్న రంగం కాబట్టి అందరూ దాటేస్తారు. కాపులెట్ భార్య మేనల్లుడు టైబాల్ట్ చనిపోయాడు, ఇల్లంతా దుఃఖంలో ఉంది. ఆ రాత్రి కాపులెట్ కూతుర్ని ఒక్క మాటైనా అడగకుండా, ఆమె నా మాట వింటుందని పారిస్‌కి భరోసా ఇచ్చి గురువారానికి ముహూర్తం పెట్టేస్తాడు. మర్నాడు కూతురి కన్నీళ్లు చూసి అవి టైబాల్ట్ కోసమే అనుకుంటాడు. ఆమెకు అప్పటికే రోమియోతో పెళ్లయిందని మనకు తెలుసు, అతనికి తెలియదు. ఈ తేడా రాయకపోతే ఆ కోపం ఉత్త అరుపుగా మిగిలిపోతుంది. అతణ్ణి వెనకేసుకు రమ్మని నేను చెప్పడంలేదు, ఆ తిట్లకు క్షమాపణ లేదు.

తండ్రికో పేరా, తల్లికో పేరా అని విడగొట్టకండి. అలా రాస్తే మార్పు కనిపించదు. రంగాల వరుసలోనే నడవాలి, నాకు తెలిసి వేరే దారి లేదు. తల్లి కూడా ఆ వరుసలోనే రావాలి. మొదటి అంకం మూడో రంగంలో ఆవిడ కూతురితో పెళ్లిమాట ఎత్తడానికి దాదిని బయటికి పంపి, వెంటనే మళ్లీ పిలుస్తుంది. కూతురి వయసు గంటలతో సహా చెప్పగలిగింది దాదే. మూడో అంకం ఐదో రంగంలో భర్తను ముందు "మరీ వేడెక్కిపోతున్నావు" అని వారించిన ఆ తల్లే చివరికి నీతో నాకిక పని లేదని కూతుర్ని వదిలేసి వెళ్లిపోతుంది. ఈ వదిలేయడం తండ్రి తిట్లకన్నా కఠినం. దీనికి తిట్లకన్నా ఎక్కువ చోటివ్వండి.

ముగింపులో పెద్దలకు బుద్ధొచ్చిందని రాయకండి. మాంటేగ్ జూలియట్‌కు బంగారు విగ్రహం చేయిస్తానంటే, రోమియోదీ అంతే ఘనంగా ఉంటుందని కాపులెట్ అంటాడు. ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి పెన్సిలు దించేయండి.