ఉల్లి వేరు కొనలో కణ విభజన చూడాలంటే

కణ చక్రం (ఒక కణం పెరిగి రెండుగా విడిపోయే వరకు సాగేది) అంటే జీ1, ఎస్, జీ2, ఎమ్ అని బట్టీ పట్టి వదిలేయకండి. మొదటి మూడూ విభజనకు సిద్ధమయ్యే దశలు, ఎమ్ అంటే విభజన. ఒక ఉల్లిగడ్డ, కాలేజీ ల్యాబ్‌లో మైక్రోస్కోప్ ఉంటే కళ్లారా చూడొచ్చు. పాలమూరు వాళ్లయితే దేవరకద్ర మార్కెట్‌లో దొరికే మామూలు ఎర్రగడ్డే తెచ్చుకోండి, గట్టిగా ఉంటే చాలు.

ఎండిపోయిన పాత వేర్లు గీకేసి, అడుగు మాత్రమే నీళ్లకు తగిలేలా గ్లాసు మీద పెట్టండి. నీళ్లు రోజూ మార్చాలి, ఎండాకాలంలో అయితే మన దగ్గర మధ్యాహ్నానికే నీళ్లు వేడెక్కి వేర్లు కుళ్లిపోతాయి కాబట్టి నీడపట్టున ఉంచండి. 3 నుంచి 6 రోజుల్లో రెండు సెంటీమీటర్ల వేర్లు వస్తాయి. పొద్దున 8-10 గంటల మధ్య కోయండి, ఆ వేళ విభజనలో ఉన్న కణాలు ఎక్కువ దొరుకుతాయి. వెంటనే ఒక వంతు గ్లేషియల్ (నీళ్లు కలపని) అసిటిక్ ఆమ్లం, మూడు వంతుల ఆల్కహాల్ కలిపిన ద్రవంలో 24 గంటలు ఉంచితే ఏ దశలో ఉన్న కణం ఆ దశలోనే నిలిచిపోతుంది. ఈ ఆమ్లం చర్మాన్ని కాలుస్తుంది, లెక్చరర్ దగ్గరుంటేనే చేయండి.

తర్వాత ఒక వేరు తీసుకుని, మిగతావి 70 శాతం ఆల్కహాల్‌లో దాచుకోండి. తీసిన వేరు కడిగి, వాచ్ గ్లాసులో రెండు మూడు చుక్కల అసిటోకార్మిన్ (క్రోమోజోములకు ఎరుపు పట్టించే రంగు), ఒక చుక్క పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి స్పిరిట్ ల్యాంప్ మీద గోరువెచ్చగా చేయండి, మరగనివ్వద్దు. ముదురు ఎరుపెక్కిన రెండు మిల్లీమీటర్ల కొనే కావాలి, మిగతాది పారేయండి. స్లైడ్ మీద కవర్ స్లిప్ వేసి సూది మొద్దు కొనతో తట్టి, బ్లాటింగ్ పేపర్ పెట్టి బొటనవేలితో నిటారుగా నొక్కండి. పక్కకు జరిపితే కణాలు నలిగిపోతాయి.

విభజనలోని మధ్యదశలో క్రోమోజోములు (డీఎన్ఏ ఉండే పోగులు) కణం నడుమ వరుస కడతాయి, చలనదశలో రెండు గుంపులై ధ్రువాల వైపు, అంటే కణం రెండు చివరలకు, లాగబడతాయి. అందరూ వీటి కోసమే వెతుకుతారు. కానీ స్లైడ్ నిండా కనిపించే, గుండ్రటి కేంద్రకం తప్ప ఏమీ లేనట్టున్న కణాలను దాటేయకండి, అవి అంతర్దశలో, అంటే రెండు విభజనల మధ్య ఉండే జీ1, ఎస్, జీ2 దశల్లో ఉన్నాయి. కణం పెరిగేదీ, ఎస్ దశలో డీఎన్ఏ రెట్టింపయ్యేదీ అప్పుడే. డీఎన్ఏ రెట్టింపైనా ఉల్లి కణంలో క్రోమోజోముల సంఖ్య మాత్రం 16గానే ఉంటుంది, పరీక్షలో చాలామంది తప్పేది ఇక్కడే. మనిషి కణానికి ఒక చక్రం సుమారు 24 గంటలు అనుకుంటే అందులో విభజనకు పట్టేది దాదాపు గంటే.

అందుకే 100 కణాలు లెక్కపెట్టి, ఏ దశలో ఎన్నున్నాయో రాసుకోండి. ఎక్కువసేపు నడిచే దశలోనే ఎక్కువ కణాలు కనిపిస్తాయి. విభజనలో ఉన్నవి అసలే లేవంటే వేరు కొన తెగిపోయి పైముక్క వచ్చి ఉంటుంది, 70 శాతం ఆల్కహాల్‌లో దాచిన ఇంకో వేరు తీసి మళ్లీ చేయండి.