కర్నూలులో సెల్లారు తవ్వే ముందు ఊట నీటి లెక్క వేయడం ఎలా?

తుంగభద్రలో హంద్రీ కలిసే ఊరు కర్నూలు. పైగా కె.సి. (కర్నూలు-కడప) కాలువ ఊళ్లోంచే పారుతుంది. నదికీ కాలువకూ దగ్గరగా సెల్లారు తవ్వితే ఊట వస్తుందనే అనుకోవాలి. అది వచ్చాక మోటార్ల కోసం పరుగులు తీయకుండా, ఏ లోతులోని మట్టి నీటిని ఎంత జోరుగా వదులుతుందో, అంటే దాని పారగమ్యత ఎంతో, ముందే కొలిపించండి.

మొదటి పని మట్టి నమూనాల కోసం బోర్లు వేయించడం. గుంత అడుగును దాటి మరో నాలుగైదు మీటర్లు దిగాలి. సాధారణంగా మీటరున్నరకు ఒక నమూనా తీస్తారు. మీరు అర మీటరుకు ఒకటి అడగండి. నమూనా గొట్టం విప్పేటప్పుడు పక్కనే ఉండండి. జిగటగా వేలికి అంటుకునే నల్లరేగడి కింద, బొటనవేలి మందాన ముతక ఇసుక చార ఒకటి కనిపించవచ్చు. చిటికెడు తీసి నలిపితే గరగరలాడుతుంది. ఆ లోతు వెంటనే రాసుకోండి. అదే లోతులో బోర్లన్నిటిలోనూ మళ్లీ వెతికించండి.

తర్వాత కొలతలు. శుభ్రమైన ఇసుకకు జల్లెడ పరీక్ష చాలు. బరువులో పది శాతం ఏ పరిమాణం కన్నా సన్నగా ఉందో చూసి, ఆ మిల్లీమీటర్ల అంకెను వర్గం చేస్తే పారగమ్యత సెకనుకు సెంటీమీటర్లలో సుమారుగా వస్తుంది. 0.1 మిల్లీమీటరైతే 0.01, అంటే రోజుకు దాదాపు 8.6 మీటర్లు. రేగడికి ఈ సూత్రం పనికిరాదు. ఏ మట్టికైనా బోరులోనే నీళ్లు పోసి, మట్టం ఎంతసేపట్లో ఎంత దిగిందో చూసే పరీక్షే నమ్మదగినది. దాని పద్ధతి భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 5529లో ఉంది. కింద నాపరాయి తగిలితే నీరు రాతిలోంచి కాదు, పగుళ్లలోంచి వస్తుంది. కాబట్టి బోరును అడ్డంగా మూసి భాగాలుగా విడదీసి, ఒక్కో భాగాన్ని విడిగా పరీక్షించాలి.

ఇక లెక్క. నీటితో నిండిన ఎనిమిది మీటర్ల మట్టిలో ఏడు మీటర్లు రోజుకు 5 మీటర్ల పారగమ్యత ఉన్న సన్న ఇసుక, ఒక్క మీటరు రోజుకు 80 మీటర్ల పారగమ్యత ఉన్న ముతక ఇసుక అనుకుందాం. మందంతో గుణిస్తే 35, 80. ఆ ఒక్క మీటరే మొత్తం ప్రవాహంలో 70 శాతం మోస్తుంది! 20 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు గుంతలో నీటిమట్టాన్ని నాలుగు మీటర్లు దించాలంటే, అంతా సన్న ఇసుకే అనుకుంటే గంటకు సుమారు 14 వేల లీటర్లు తోడితే చాలనిపిస్తుంది. ముతక పొరనూ కలిపితే సుమారు 33 వేలు అవుతుంది. ఆ పొర అడుగున ఉంటే ఇంకా ఎక్కువ. ఈ పరీక్షల ఖర్చు మిగుల్చుకోవాలనుకోవడం కంటే పెద్ద పొరపాటు నాకు తెలియదు.

కొద్దిపాటి ఊటకు గుంత మూలన సంపు, ఒక మోటారు సరిపోతాయి. ఇసుక పొర ఉంటే గుంత చుట్టూ బావులు వేసి, వాటి జల్లెడ గొట్టాలు సరిగ్గా ఆ పొర ఎదుటే ఉండేలా దించండి. గుంత అడుగున రేగడి మిగిలి, దాని కింద నీరు ఒత్తిడితో ఉంటే మరీ జాగ్రత్త: రెండు మీటర్ల రేగడి బరువు నాలుగు మీటర్ల నీటి ఒత్తిడిని ఆపలేదు, అడుగు ఉబ్బి పగులుతుంది. ముందే ఆ నీటి ఒత్తిడి తగ్గించాలి.

తోడిన నీటిని రోజూ గాజు సీసాలో పట్టి నిలబెట్టండి. అడుగున మట్టి పేరుకుంటే పక్కింటి పునాది కింది మట్టి కొట్టుకొస్తుండవచ్చు. వెంటనే ఆ ఒక్క బావిని ఆపి, దాని గొట్టం చుట్టూ వడపోత కంకర సరిచేయండి. కాలువకు నీరు వదిలే రోజుల్లో మట్టం మళ్లీ కొలవండి. జనరేటరు సిద్ధంగా ఉంచుకోండి. సెల్లారు బరువు కింది నీటి ఒత్తిడిని మించిందని ఇంజినీరు లెక్క చూపేదాకా మోటార్లు ఆపవద్దు.