గుమ్మడికాయ కేక్ ఎలా చేయాలి? ముందు గుజ్జులో నీళ్ల సంగతి చూడండి

అమెరికాలో థాంక్స్‌గివింగ్ పండుగ దగ్గరపడుతోందంటే చాలు, నడుమ గుంట పడిన గుమ్మడికాయ కేక్ ఫొటోలు నాకు రావడం మొదలవుతుంది. ఒకరు ఓవెన్‌ని తిడతారు, ఇంకొకరు బేకింగ్ పౌడర్ పాతబడిందంటారు. కోసిన ముక్క చూపించమంటే సంగతి బయటపడుతుంది. పైన కేక్ ఉంటుంది, అడుగున జిగటగా ఒక పొర ఉంటుంది. గుజ్జులో నీళ్లు తీయకుండా పిండిలో కలిపేస్తే అలాగే వస్తుంది.

కావలసినవి

23 సెంటీమీటర్ల గుండ్రటి టిన్, రెండు గిన్నెలు, ఒక విస్క్ (గిలకొట్టే తీగల గరిట), అడుగు మందంగా ఉన్న వెడల్పాటి బాణలి, త్రాసు. ఎలక్ట్రిక్ బీటర్ అక్కర్లేదు, ఉన్నా బయటికి తీయకండి.

మైదా 220 గ్రాములు, బ్రౌన్ షుగర్ 200 గ్రాములు, వాసన లేని నూనె 150 మిల్లీలీటర్లు, గుడ్లు మూడు, బేకింగ్ పౌడర్ ఒకటిన్నర టీస్పూన్లు, వంటసోడా అర టీస్పూన్, ఉప్పు అర టీస్పూన్. నీరు ఇగిరి దగ్గరపడిన గుమ్మడి గుజ్జు 300 గ్రాములు (ఇగరకముందు 450).

మసాలాకి దాల్చినచెక్క పొడి రెండు టీస్పూన్లు, శొంఠి పొడి ఒక టీస్పూన్, జాజికాయ పొడి అర టీస్పూన్, లవంగాల పొడి పావు టీస్పూన్. లవంగం దగ్గర చెయ్యి జారితే ఇక వేరే రుచేమీ తెలియదు. జాజికాయ అప్పటికప్పుడు తురుముకోవాల్సిందే. అన్నీ కలిపి అమ్మే పంప్‌కిన్ స్పైస్ డబ్బా నేను కొనను, మీరూ కొనకండి. నిరుడు తెరిచిన డబ్బాలో రంగు తప్ప వాసన మిగలదు.

గుజ్జు

హాలోవీన్‌కి ముఖం చెక్కిన పెద్ద గుమ్మడికాయ మిగిలింది కదా అని దాన్ని వాడకండి. అందులో పీచూ నీళ్లూ ఎక్కువ, తీపి తక్కువ. చిన్నగా, గట్టిగా, బరువుగా ఉండే తీపి గుమ్మడి తీసుకోండి. రెండు చెక్కలుగా కోసి, గింజలు తీసి, కోసిన వైపు కిందికి పెట్టి 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర 45 నిమిషాల నుంచి గంట దాకా కాల్చండి. కత్తి అడ్డం లేకుండా దిగాలి. నీళ్లలో ఉడకబెట్టొద్దు. తీయాల్సిన నీటికి ఇంకాస్త నీరు చేర్చడం దేనికి? గుజ్జు చెంచాతో గీకి మెత్తగా రుబ్బుకోండి.

డబ్బా గుజ్జు వాడితే తప్పేం లేదు. అమెరికాలో పంప్‌కిన్ అని రాసిన డబ్బాలో ఉండేది చాలావరకు గుమ్మడి జాతికే చెందిన తియ్యటి స్క్వాష్. అది మోసమేమీ కాదు, కేక్‌కి అదే బాగుంటుంది కూడా. కాకపోతే లేబుల్ పూర్తిగా చదవండి. పక్కనే అదే రంగు డబ్బాలో 'పంప్‌కిన్ పై' అనే తీపి వంటకంలో నింపే ఫిల్లింగ్ ఉంటుంది. దానిలో చక్కెర, మసాలా ముందే కలిపేసి ఉంటాయి. అది వేస్తే ఇక్కడి కొలతలన్నీ తప్పుతాయి.

అసలు పని: నీరు ఇగరబెట్టడం

ఇక్కడ తొందరపడేవాళ్లు ఈ కేక్ చేయకపోవడమే మంచిది.

ముందు ఖాళీ బాణలి బరువు చూసి రాసుకోండి. అందులో 450 గ్రాముల గుజ్జు వేసి, మధ్యస్థం కంటే కాస్త తక్కువ మంట మీద పెట్టండి. బాణలితో కలిపి తూచి, ఖాళీ బాణలి బరువు తీసేస్తే గుజ్జు ఎంత మిగిలిందో తెలుస్తుంది. 300 గ్రాములకు రావాలి. కాయని బట్టి పావుగంట పట్టొచ్చు, అరగంట పట్టొచ్చు. అందుకే గడియారం చూసి దించకండి.

మొదట్లో గుజ్జు బుడగలు వేస్తూ చిందుతుంది. చేతి మీద పడితే గట్టిగానే కాలుతుంది, పొడుగాటి గరిట వాడండి. చిందుతోందని మూత పెట్టారో, పోవాల్సిన ఆవిరి తిరిగి అందులోకే దిగుతుంది. అడుగు నుంచి కలుపుతూనే ఉండాలి. కాస్త అడుగంటినా ఆ మాడు వాసన కేకంతా పట్టుకుంటుంది, ఏ మసాలా దాన్ని కప్పలేదు.

కొంతసేపటికి చిందడం తగ్గుతుంది, రంగు ముదురుతుంది, పచ్చివాసన పోయి తియ్యటి వాసన వస్తుంది. గరిటతో మధ్యలో గీత గీయండి. బాణలి అడుగు కనిపించి, గుజ్జు వెంటనే కలిసిపోకుండా కాసేపు విడిగా నిలిస్తే అయినట్టే. గీత పక్కన పలచటి నీరు ఊరుతుంటే ఇంకా ఉంచండి.

పలచటి బట్టలో కట్టి వేలాడదీస్తే చాలదా అంటారు. నీరు దిగుతుంది కానీ రుచి పెరగదు. మంట మీద ఇగిరితే తీపి చిక్కబడుతుంది. ఇంకొందరు నీళ్ల గుజ్జుకి విరుగుడుగా మైదా పెంచుతారు. అది అన్నిటికంటే చెడ్డ పద్ధతి. కేక్ కుంగదు, నిజమే. ముద్దలా గట్టిపడుతుంది, మసాలా పలచబడుతుంది.

గుజ్జుని వెడల్పాటి పళ్లెంలో పరిచి పూర్తిగా చల్లారనివ్వండి. పూర్తిగా అంటే పళ్లెం అడుగున చెయ్యి పెట్టినా వెచ్చదనం తగలకూడదు. వేడి గుజ్జు తగిలితే గుడ్డు అక్కడక్కడా ఉడికి పలుకులు కడుతుంది, బేకింగ్ పౌడర్ టిన్‌లోకి చేరకముందే పొంగడం మొదలుపెడుతుంది. టెన్షన్ వద్దనుకుంటే గుజ్జు ముందురోజే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. కలపడానికి గంట ముందు బయటికి తీస్తే చాలు.

కలపడం, కాల్చడం

ఓవెన్ 175 డిగ్రీలకు వేడి చేయండి. టిన్‌కి నూనె రాసి అడుగున బటర్ పేపర్ వేయండి. ఒక గిన్నెలో మైదా, బేకింగ్ పౌడర్, సోడా, ఉప్పు, మసాలాలు జల్లించండి. రెండో దాంట్లో గుడ్లు, చక్కెర, నూనె విస్క్‌తో కలిపి, గుజ్జు చేర్చండి. పొడి మిశ్రమం రెండు విడతలుగా వేసి, తెల్లటి చారలు పోగానే ఆపేయండి. ఆ పైన తిప్పిన కొద్దీ కేక్ రబ్బరులా సాగుతుంది.

నూనె బదులు వెన్న వేయొచ్చా అని అడక్కండి. వెన్నలో ఆరో వంతుకి దగ్గరగా నీరే. ఇంతసేపూ ఇగరబెట్టింది మళ్లీ నీరు పోయడానికా? పైగా వెన్న చల్లారితే గడ్డకడుతుంది, నూనె గడ్డకట్టదు. మర్నాటికి మెత్తగా ఉండేది నూనె కేకే.

40 నుంచి 45 నిమిషాలు. మొదటి అరగంట ఓవెన్ తలుపు తెరవొద్దు. నడుమ పుల్ల గుచ్చితే తడి పిండి అంటకూడదు, ఒకటి రెండు పలుకులు అంటితే పర్వాలేదు. బయటికి తీసి పావుగంట టిన్‌లోనే ఉంచి, తర్వాత జాలీ మీదికి తిప్పండి.

విందు రోజు పొద్దున్నే చేద్దామనుకోకండి. ముందురోజు సాయంత్రం కాల్చి, చల్లారాక గాలి తగలకుండా చుట్టి ఉంచితే తెల్లారేసరికి మసాలా సర్దుకుంటుంది. పైన ఐసింగ్ వద్దు. అతిథులు ఊరుకోరనుకుంటే క్రీమ్ చీజ్ పలచగా రాసి ఫ్రిజ్‌లో పెట్టి, వడ్డించే అరగంట ముందు తీయండి.