పాన్‌కేక్ పైన మాడి, లోపల పచ్చిగా ఉంటే

ఇంట్లో చేసే పాన్‌కేక్‌లు పైన మాడి లోపల పచ్చిగా వచ్చేవి. తేడా అంతా మంటలోనే ఉంది. దోశకు కావలసినంత వేడి వీటికి పనికిరాదు. మందపాటి పెనం, సన్నని సెగ చాలు. పైన బుడగలు పగిలి, ఆ గుంటలు పూడకుండా నిలిచాకే తిప్పాలి. అట్లకాడతో అస్సలు నొక్కకూడదు.

కప్పు మైదాకు కప్పు చిక్కటి పుల్లమజ్జిగ, గుడ్డు, రెండు చెంచాల కరిగిన వెన్న, అంతే పంచదార, అర టీస్పూను వంటసోడా, చిటికెడు ఉప్పు. సోడా పొంగాలంటే పులుపు ఉండాలి, అందుకే పాలు కాకుండా మజ్జిగ. చిన్న ఉండలున్నా ఫర్వాలేదు. ఎక్కువ కలిపితే మైదాలోని జిగురు (గ్లూటెన్) బలపడి పాన్‌కేక్‌లు సాగుతాయి. కలిపిన వెంటనే వేసేయాలి.

మా అత్తయ్యగారు గుడ్డు తినరు. ఆవిడకు మెదిపిన అరటిపండు వేస్తాను. నాకూ అదే ఎక్కువ ఇష్టం.